అమ్మమ్మ ఊయల ముందు మీ పుట్టింటికి వెళ్లాలి

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు ఇప్పుడు ఏడో నెల, మొదటి కాన్పు. జనవరిలో ప్రసవం అన్నారు. పుట్టిల్లు జమ్మికుంట. పరకాల దగ్గర పల్లెలో ఉన్న మా అమ్మమ్మ ఇల్లు పాతబడిపోయి కూలగొడుతున్నారు. ఆమె రెండేళ్ల క్రితం పోయారు. కావలసినవి తీసుకెళ్లమని మామయ్యలు చెబితే టేకు ఊయల, పెద్ద సందుగ, అద్దం తలుపున్న చెక్క బీరువా, రెండు జంపఖానాలు, ఒక మూటెడు పాత నూలు చీరలు తెచ్చుకున్నాను. ఊయల స్టాండుకు గొలుసులతో వేలాడుతుంది. పట్టీల మధ్య మూడున్నర అంగుళాల సందు ఉంది. ఊయలకూ బీరువాకూ ఎప్పుడో వేసిన ఆకుపచ్చ రంగు ఉంది. వీటితోనే బిడ్డ గదిని అలంకరించాలని నా ఆశ. సామాను పెట్టెల చెక్కలతో అరలు చేస్తానని మా ఆయన అంటున్నారు. పోయినవారి వస్తువులు పసిబిడ్డ దగ్గర వద్దని, పడుకోబెట్టడానికి చీర ఊయల చాలని మా అత్తగారి మాట. ఉప్పు కాగితం తెచ్చి ఊయల రంగు గీకడం మొదలుపెట్టాను. నేను చేస్తున్నది సరైనదేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: అమ్మా, ముందు ఆ ఉప్పు కాగితం పక్కన పెట్టేయండి. మిగతా సంగతులు ఆ తరువాత మాట్లాడుకుందాం.

మీ అమ్మమ్మ కాలంలో చెక్క సామానుకు వేసిన ఎనామిల్ రంగుల్లో సీసం కలిసేది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు వంటి గాఢమైన రంగుల్లో మరీ ఎక్కువగా ఉండేది. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందు వేసిన రంగు ఏదైనా సరే, అందులో సీసం ఉందనుకునే మెలగాలి. చెక్కను గట్టిగా పట్టుకుని ఉన్న రంగుతో అంత భయం లేదు. గీకినప్పుడు లేచే దుమ్ముతోనే ప్రమాదం. అది ఊపిరితో లోపలికి వెళుతుంది, చేతులకు అంటుకుని అన్నంలో కలుస్తుంది. తల్లి రక్తంలో చేరిన సీసం మాయను దాటి కడుపులోని బిడ్డకు చేరుతుంది. పుట్టాక కూడా అంతే. ఒకే మోతాదు నోట్లోకి పోయినా పెద్దవారికంటే పసిపిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ సీసం పట్టవచ్చు. అది దెబ్బతీసేది ఎదుగుతున్న మెదడును. ఇంతవరకైతే ఫరవాలేదు అని చెప్పదగిన మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కాబట్టి మీరు గీకిన చోటును ఇంట్లో మరొకరు తడిగుడ్డతో తుడవాలి. చీపురుతో ఊడిస్తే దుమ్ము మళ్లీ లేస్తుంది. తుడిచిన గుడ్డను పారేయండి. ఆ రోజు కట్టుకున్న బట్టలను విడిగా ఉతికించండి. వచ్చే నెల పరీక్షకు వెళ్లేదాకా ఆగకుండా, జరిగింది మీ డాక్టరుకు ఇప్పుడే చెప్పండి. అవసరమనిపిస్తే రక్తంలో సీసం ఎంత ఉందో పరీక్ష చేయిస్తారు.

రంగు తీసే పని వడ్రంగికి అప్పగించండి, అది కూడా మీరుండే ఇంట్లో జరగకూడదు. ఆరుబయట, రంగును మెత్తబరిచే మందు పూసి, తడిగా ఉన్నప్పుడే రేకుతో తీయమనండి. యంత్రంతో పొడిగా రుద్దడం, మంట చూపి రంగు లేపడం రెండూ వద్దు. మంటకు సీసం పొగై లేస్తుంది. ఈ సంగతి వడ్రంగికీ వివరంగా చెప్పండి. ఆయన ఇంట్లోనూ పిల్లలుంటారు, ఆ దుమ్ము చొక్కా మీద వాళ్ల దగ్గరికి చేరుతుంది. ముక్కుకు మంచి మాస్కు, పని అయ్యాక స్నానం, బట్టల మార్పు గురించి ఆయనతో మాట్లాడి, అందుకు కూలి కొంచెం ఎక్కువ అడిగినా ఇవ్వండి.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు ఒక ప్రశ్న తట్టింది. జనవరిలో కాన్పు, మొదటి కాన్పు, పుట్టిల్లు జమ్మికుంట. అంటే బిడ్డను ఎత్తుకుని మీరు హనుమకొండకు వచ్చేది మూడో నెలలోనో ఐదో నెలలోనో. ఇరవై ఒకటో రోజున బిడ్డను ఊయలలో వేసి పేరు పెట్టేది మీ అమ్మగారింట్లోనే. మరి ఊయల హనుమకొండలో ఎందుకుంది?

బిడ్డ బోర్లాపడటం మొదలుపెట్టిన రోజున ఊయల పని అయిపోతుంది. చాలామంది పిల్లలు నాలుగో నెల, ఐదో నెల వచ్చేసరికి ఆ ప్రయత్నంలో ఉంటారు. చేతులు ఊని ఛాతీ పైకెత్తే బిడ్డ ఊగే తొట్టిలో ఉంటే అంచు మీదుగా జారిపడటానికి ఒక్క క్షణం చాలు. అంటే ఆ ఊయల అక్కరకు వచ్చే రోజుల్లో ఎక్కువ భాగం మీరు జమ్మికుంటలోనే గడుపుతారు. దాన్ని బాగు చేయించి అక్కడికే పంపండి. మీ అమ్మమ్మ ఊయల ఆమె కూతురి ఇంటికి చేరి, ఆమె మునిమనవడినో మునిమనవరాలినో మోస్తుంది. మీ అత్తగారికి కష్టం కలిగించకుండా, మీ ఆశ చంపుకోకుండా ఈ చిక్కు ఇలా తీరుతుందని నాకనిపిస్తోంది.

అయితే ఊయల ఇప్పుడున్న తీరులో బిడ్డను అందులో వేయకూడదు. పట్టీల మధ్య సందు 6 సెంటీమీటర్లు, అంటే రెండుంబావు అంగుళాలకు కాస్త పైన, దాటకూడదు. అంతకంటే ఎక్కువ ఉంటే బిడ్డ కాళ్లు, నడుము అందులోంచి జారిపోయి తల ఒక్కటే ఇరుక్కుంటుంది. అమెరికాలో పిల్లల మంచాలకు 1970లలోనే ఈ కొలతను నిబంధనగా పెట్టారు. మీ ఊయలలో మూడున్నర అంగుళాలుంది. ప్రతి రెండు పట్టీల నడుమ అంగుళం వెడల్పున్న కొత్త టేకు పట్టీ ఒకటి దింపితే, ఒక్కో సందు అంగుళంబావుకు వస్తుంది. మేకులు కొట్టి సరిపెట్టకుండా పైపట్టెలోనూ కిందిపట్టెలోనూ గాడి తీసి దింపమనండి. పాత పట్టీలను ఒక్కొక్కటీ పట్టుకుని తిప్పి చూడాలి. కదిలినది ఏదైనా ఉంటే తీసి మళ్లీ బిగించాలి. చెక్క మీద సన్నని చిల్లులు, కింద పిండిలాంటి పొట్టు కనిపిస్తే పురుగు ఇంకా లోపల తొలుస్తోందన్నమాట. అలాంటి పట్టీకి మందు కొట్టించవద్దు, తీసేసి కొత్తది వేయించండి. బిడ్డ నోరు తగిలే చోట పురుగుమందు ఉండకూడదు.

రంగు పోయాక టేకుకు మళ్లీ రంగు వేయించనవసరం లేదు. లక్క పాలిష్ చాలు. మోదుగ, కుసుమ చెట్ల కొమ్మల మీద పురుగులు కట్టే లక్కను స్పిరిట్‌లో కరిగించి పూస్తారు. స్పిరిట్ ఆరిపోయాక మిగిలేది లక్క ఒక్కటే. శుద్ధి చేసిన లక్కను మందుబిళ్లలకు పైపూతగా కూడా వాడతారు. దుకాణంలో కొన్నప్పుడు లక్క, స్పిరిట్ తప్ప మరేమీ కలపనిదే అడగండి. నిగనిగలాడే ఇతర పాలిష్‌లు చాలా వారాలు వాసన వదులుతూ ఉంటాయి. ఏది వేసినా డిసెంబరు మొదట్లోకి పని ముగిసేలా చూసుకోండి. వాసన పూర్తిగా పోవడానికి నెల రోజులైనా గాలి తగలాలి.

గొలుసులు నాలుగూ ఒకే పొడవు ఉన్నాయో లేదో చూడాలి. ఊయల అడుగున నిండు గ్లాసు నీళ్లు పెట్టండి, నీళ్లు ఒక పక్కకు ఒలికితే బిడ్డ కూడా అటే ఒరుగుతుంది. కొక్కేలు అరిగి పలచబడితే ఇత్తడి అందం చూసి మోసపోకుండా మార్పించండి. ఊపడం ఆపినప్పుడు ఊయల కదలకుండా నిలిపే చీల ఒకటి స్టాండుకు పెట్టించండి. పరుపు మాత్రం కొత్తది కుట్టించండి, ఊయల అడుగు కొలతకు సరిగ్గా. పక్కన రెండు వేళ్లు దూరేంత సందు కూడా మిగలకూడదు. బూరుగు దూది వద్దు, అది గుంటపడుతుంది. అరచేతితో నొక్కి తీస్తే పరుపు మీద గుంట నిలవకూడదు, అంత గట్టిగా ఉండాలి. దాని మీద బిగుతుగా ఒక నూలు గుడ్డ, అంతే. దిండ్లు, మెత్తలు, కప్పే బొంతలు ఏవీ వద్దు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టమని ఎవరో ఒకరు తప్పక చెబుతారు. ఏడాది నిండని బిడ్డకు ఏ దిండూ క్షేమం కాదు. మేలుకుని ఉన్నప్పుడు కాసేపు బోర్లా వేసి మీరు ఎదురుగా కూర్చుంటే, పడుకోబెట్టేటప్పుడు ఒకరోజు తల కుడికి, మరునాడు ఎడమకు తిప్పుతూ ఉంటే తల చక్కగానే వస్తుంది.

ఇప్పుడు మీ అత్తగారి మాట. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. పోయినవారి బట్టలు, మంచం ఇంట్లో ఉంచుకోని కుటుంబాలు మన వైపు చాలా ఉన్నాయి. వారి భయం బిడ్డ గురించే. అదే పెద్దవారు పుట్టిన బిడ్డకు కొత్తబట్ట కట్టవద్దని, పిల్లాపాపలతో చల్లగా ఉన్న ఇంటి పాతబట్టలోనే చుట్టాలని చెబుతారు కదా! ఆ ఆచారంలో ఎంత తెలివి ఉంది! ఏళ్ల తరబడి ఉతికిన నూలుబట్టలో గంజి ఉండదు, ఊడే రంగు ఉండదు, పసివాడి చర్మానికి అంతకంటే మెత్తనిది దొరకదు. కాబట్టి మీ అత్తగారికి పాతదంటే అయిష్టం లేదు. ఎవరింటి పాతది, ఎవరి చేతి పాతది అన్నదే వారికి ముఖ్యం.

అందుకని వారిని ఒక కోరిక కోరండి. మీ ఆయనను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసినప్పుడు వారు కూర్చున్న పీట ఇంకా ఇంట్లో ఉందేమో అడగండి. చాలా ఇళ్లలో అలాంటి పీట అటక మీదో, గోలెం పక్కనో ఉంటుంది. ఉంటే, హనుమకొండలో బిడ్డకు సిద్ధం చేసే వస్తువుల్లో అదే మొదటిది కావాలి. నాలుగు కాళ్లూ నేలకు ఆనుతున్నాయా, పైకి లేచిన మేకు తల ఏదైనా ఉందా అని చూడండి. పీట కదిలితే నూనె రాసిన బిడ్డను కాళ్ల మీద ఉంచుకున్న మనిషి కూడా కదులుతుంది. దానికి రంగు గాని పాలిష్ గాని వేయించవద్దు, తడిస్తే జారుతుంది. వేడినీళ్లతో పీచు పెట్టి రుద్ది, నాలుగు రోజులు ఎండలో పెడితే చాలు. మీ ఇంట్లో బిడ్డకు రోజూ అక్కరకొచ్చే పాత వస్తువు అదే అవుతుంది. దాన్ని తెచ్చింది వారే అవుతారు. ఆ తరువాత మీ అమ్మమ్మ సందుగ గదిలో ఉన్నా వారు ఇంతగా బాధపడకపోవచ్చు. బాధపడితే సందుగను హాల్లో పెట్టుకోండి.

చీర ఊయల విషయంలో మాత్రం నేను వారి పక్షాన నిలబడలేను. తరతరాలుగా మనం అందులోనే పెరిగాం, నిజమే. కానీ చీరలో పడుకున్న బిడ్డ వీపు విల్లులా వంగి, గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. తల ఎత్తుకునే బలం లేని వయసులో ఆ భంగిమలో ఊపిరి ఆడటం కష్టమవుతుంది. ముఖం చుట్టూ గుడ్డ మూసుకున్నా మనకు బయటినుంచి తెలియదు. కాస్త పెద్ద పిల్లలు ఆటగా మెలితిప్పుకుంటే ఆ చీర మెడకు బిగుసుకుంటుంది. ఎంత మెత్తగా చెప్పాలో మీకు తెలుసు. మీరు చెప్పలేకపోతే పిల్లల డాక్టరు దగ్గరికి వారిని కూడా తీసుకెళ్లి, వారి ఎదుటే ఈ ప్రశ్న అడగండి.

చీరల మూట గురించి మీరు ఒక్క ముక్కే రాశారు. నాకు ఊయల తరువాత ఎక్కువ బెంగ పెట్టింది అదే. మూట విప్పినప్పుడు కలరా ఉండల వాసన వచ్చిందా? మా అమ్మాయి పుట్టినప్పుడు మా అమ్మ భోషాణంలోంచి తీసిన బొంతలు నేరుగా పక్క మీద పరిచింది. ఆ వాసన గది నిండా ఉంది. నర్సుగా పనిచేసే మా వదిన గుమ్మంలో అడుగుపెడుతూనే వాటన్నిటినీ తీయించి డాబా మీద వేయించింది. అప్పుడు నాకు కోపం వచ్చింది. కారణం తరువాత తెలిసింది. కలరా ఉండల్లో ఉండేది నాఫ్తలీన్. కొందరు పిల్లలకు, ముఖ్యంగా మగపిల్లలకు, పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉంటుంది. అలాంటి బిడ్డ నాఫ్తలీన్ పట్టిన బట్టలో పడుకుంటే ఎర్ర రక్తకణాలు చితికిపోవచ్చు. పచ్చకామెర్లు ముదిరి మెదడుకు చేటు తెచ్చే దాకా పోవచ్చు. లోపం ఉందో లేదో చూసి తెలిసేది కాదు, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. అందువల్ల ఏ బిడ్డ ఉన్న ఇంట్లోనూ ఆ ఉండలు వద్దు.

చీరలను ఇప్పుడే ఉతికించి వారం రోజులు ఎండలో, గాలిలో ఆరవేయించండి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ మాత్రం వాసన తెలిసినా మళ్లీ ఉతకాలి. అప్పటికీ పోకపోతే ఆ చీర బిడ్డకు వద్దు. వాసన పోయినవాటిని దాచేటప్పుడు ఎండిన వేపాకు పెట్టుకోండి. జరీ అంచులు కత్తిరించేయండి, పసిచర్మాన్ని గీరుతాయి. బాగా మెత్తబడినవి పొత్తిగుడ్డలకు, కాస్త గట్టిగా ఉన్నవి బొంతలకు. నాలుగు మడతల బొంత నేల మీద ఆడుకోవడానికి, ఒడిలో వేసుకోవడానికి ఎంతో హాయి.

ఇక హనుమకొండలో గది. బిడ్డకు వేరే గది అన్న ఆలోచన ఇప్పుడే వద్దు. మొదటి ఆరు నెలలైనా బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, కానీ విడి పక్క మీద పడుకోవడం క్షేమమని పిల్లల వైద్యులు చెబుతారు. మీ పడకగదిలో ఒక వైపును బిడ్డకు కేటాయించండి. మీరు వచ్చేసరికి మార్చి గాని మే గాని అవుతుంది. పడమటి ఎండ కొట్టే గోడ పక్కన బిడ్డ పక్క వేయవద్దు. ఆ కిటికీకి పాత నూలు చీర రెండు పొరలుగా కుట్టిన తెర చాలు, కొత్త తెరలు కొనకండి. డబ్బు పెట్టవలసిన చోటు ఒకటే. పక్కలు కదలని, పట్టీల సందు కొలతకు సరిపోయే కొత్త పిల్లల మంచం ఒకటి, దానికి సరిపోయే గట్టి పరుపు.

బీరువాకు వేసిన ఆకుపచ్చ రంగు ఎక్కడా పెచ్చులు లేవకుండా ఉంటే గీకే పని లేదు. తడిగుడ్డతో శుభ్రంగా తుడిపించి, నీటితో కలిపే కొత్త రంగు రెండు పూతలు వేయిస్తే పాత పూత కింద మూసుకుపోతుంది. తలుపులు, సొరుగులు ఒరుసుకునే అంచుల్లో మాత్రం రంగు రాలుతూనే ఉంటుంది. అక్కడ వడ్రంగి చేత ఊయలకు చేసినట్టే తడిగా తీయించాలి. పెచ్చులు లేచి ఉంటే ఆ బీరువా ఆ గదిలోకి రాకూడదు. అద్దం తీయించేసి దాని చోట పేము అల్లిక గాని పలుచని చెక్క గాని బిగించమనండి. అన్నిటికంటే ముఖ్యం, బీరువా పైభాగాన్ని ఇనుప బందులతో గోడకు బిగించాలి. ఎనిమిది తొమ్మిది నెలల బిడ్డ పట్టుకుని నిలబడటానికి చూసేది ఇలాంటివాటినే. సొరుగు లాగి దాని మీద కాలు పెడితే బీరువా మొత్తం ముందుకు ఒరుగుతుంది.

సందుగకు మూత తీసేయించండి. బరువైన మూత పిల్లల వేళ్ల మీద, మెడ మీద పడుతుంది. లోపలికి దిగి దాక్కున్న బిడ్డ పైన గొళ్లెం పడితే గాలి ఆడదు. మూత లేని సందుగలో బొంతలు సర్దుకోవచ్చు, రేపు ఆటబొమ్మలు వేసుకోవచ్చు. ఆ మూత పలక మంచి టేకే అయితే పీటకు తోడుగా చిన్న ఎత్తుపీట చేయించండి, పాలిచ్చేటప్పుడు కాళ్లు పెట్టుకోవడానికి. నడుంనొప్పి ఎంత తగ్గుతుందో మీకే తెలుస్తుంది.

జంపఖానాల గురించి చదివి సంతోషమేసింది. పరకాల ప్రాంతంలో కొన్న పాతవంటే వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద నేసినవే అయి ఉండవచ్చు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పసిబిడ్డ ఉన్న ఇంటికి అవి ఎంత అనువైనవో చెప్పలేను. నూలుతో బల్లపరుపుగా నేసినవి కాబట్టి కార్పెట్టులా దుమ్మును పట్టి ఉంచవు, దులిపి ఉతుక్కోవచ్చు. ముందు ఒక మూల తడిపి తెల్లగుడ్డతో గట్టిగా అద్దండి. రంగు అంటితే అది గోడకు వేలాడదీయడానికే. అంటకపోతే కుంకుడు రసంలో నానబెట్టి ఉతికి, ఎండలో కర్రతో దులిపి, నేల మీద పరవండి. బట్టలు మార్చడానికి బల్లలు కొనకండి. నేల మీద పరిచిన జంపఖానా పైనుంచి ఏ బిడ్డా కింద పడదు. నున్నటి టైల్స్ మీద జంపఖానా జారుతుంది కనుక, కింద జారకుండా పట్టే రబ్బరు వల వేయడం మరచిపోవద్దు. బిడ్డను ఎత్తుకుని నడిచేది మీరే.

మీ ఆయన అరల ముచ్చట కాదనలేను, కానీ సామాను పెట్టెల చెక్క వద్దు. విదేశాల నుంచి సరుకుతో వచ్చిన చెక్క మీద ముద్ర ఉంటుంది. ‘హెచ్‌టీ’ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, ‘ఎంబీ’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది. ముద్ర లేని చెక్క మీద ఇన్నాళ్లూ ఏ మందులు, ఏ నూనెలు ఒలికాయో ఎవరికీ తెలియదు. అమ్మమ్మ ఇంటి వాసాలో, తలుపు చెక్కలో ఇంకా అక్కడ పడి ఉంటాయి కదా, రంగు వేయనివి నాలుగు తెమ్మనండి. వాటితో అరలు చేసి, మీ భుజం ఎత్తుకు బిగించమనండి. నిర్మల్ కొయ్యబొమ్మలు ఉంటే ఆ అర మీద పెట్టుకోండి. వాటిని చేసే పొనికి చెక్క తేలికే, కానీ పైన రంగులున్నాయి. అవి చూసే బొమ్మలు, నోట్లో పెట్టుకునేవి కావు.

గోడల అలంకరణ మీ ఇష్టం. పుట్టిన బిడ్డకు స్పష్టంగా కనిపించేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరమే, అంటే పాలు తాగేటప్పుడు మీ ముఖం. మీరు హనుమకొండకు వచ్చే నాటికి రంగులు తెలుస్తూ ఉంటాయి. చేర్యాల పటచిత్రాల ఎర్రని నేపథ్యం ఆ కళ్లకు పండుగలా ఉంటుంది. మంచానికి ఎదురుగోడకు తగిలించండి, మంచం పైన మాత్రం ఏ చట్రమూ, ఏ అద్దమూ వేలాడకూడదు.

చిలకల పందిరి ఒకటి తప్పకుండా కుట్టించండి. మీ అమ్మమ్మ రవికల ముక్కలతో, లోపల నూలు గుడ్డ పీలికలు కూరి, కళ్లకు పూసలు పెట్టకుండా దారంతో కుట్టిన చిలకలు. పూస ఊడితే గొంతులోకే పోతుంది. దారాలు పొట్టిగా, బిడ్డ చేతికి అందనంత ఎత్తులో ఉండాలి. జమ్మికుంటలో ఊయల మీద కట్టుకోండి, బిడ్డ చేతులు ఊని లేవబోయిన రోజున విప్పేయండి. హనుమకొండలో కిటికీ పక్కన కట్టుకుంటే గాలికి అవే ఊగుతాయి.

ఊయల బాగై వచ్చాక జమ్మికుంటకు పంపే ముందు ఒక పరీక్ష మిగిలి ఉంది. ఖాళీ ఊయల ఊపకూడదని మీ అత్తగారు గాని మీ అమ్మగారు గాని తప్పక అంటారు. ఊపవద్దు. 25 కిలోల బియ్యం బస్తా అందులో పెట్టి, మీ ఆయన చేత పది నిమిషాలు ఊపించండి, మీరు పక్కన కూర్చుని వినండి. కిర్రుమన్న చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి వడ్రంగికి చూపించండి. మళ్లీ బిగించాక మళ్లీ బస్తా పెట్టి ఊపించండి. ఏ చప్పుడూ లేకుండా ఊగిందంటే ఊయల సిద్ధమైనట్టే. ఆ బియ్యాన్ని కూడా ఊయలతో పాటే పంపండి, ఇరవై ఒకటో రోజు వంటకు పనికొస్తాయి.